తోట ముద్దు, తోటమాలి వద్దు: శాన్‌ఫ్రాన్సిస్కో జపాన్ కథ

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో కొన్ని ఫొటోలు ఖాయంగా ఉంటాయి. గోల్డెన్ గేట్ వంతెన ఒకటి. గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్లో గుండ్రంగా వంగిన చెక్క వంతెనెక్కి దిగింది ఇంకొకటి. అక్కణ్ణుంచి జపాన్‌టౌన్‌కి వెళ్ళి, రామెన్ తిని, పిల్లలకు యానిమే బొమ్మలు కొనిచ్చి, ‘జపాన్ వెళ్ళక్కర్లేదు, అంతా ఇక్కడే ఉంది’ అని స్టేటస్ పెడతారు. పెట్టుకోనివ్వండి. కానీ తన దగ్గరున్న జపాన్ వాళ్ళను ఆ ఊరు ఏం చేసిందో తెలియకుండా తిరిగితే మనం చూసొచ్చింది సినిమా సెట్టింగే.

టీ గార్డెన్నే తీసుకోండి. 1894లో ఒక ఎగ్జిబిషన్ కోసం వేసిన తోట అది. ఎగ్జిబిషన్ అయిపోయాక దాన్ని చేతుల్లోకి తీసుకున్నవాడు మకోటో హగివారా. సొంత డబ్బు పోసి, ఎకరం ఉన్నదాన్ని ఐదెకరాలకు పెంచాడు. అక్కడే ఇల్లు కట్టుకుని కుటుంబంతో ఉన్నాడు. 1925లో ఆయన పోయాక కూతురు, మనవలు నడిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ శత్రుదేశమయ్యాక, 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పశ్చిమ తీరం నుంచి సుమారు లక్షా ఇరవై వేల మంది జపాన్ వాళ్ళను నిర్బంధ శిబిరాలకు తోలారు. వాళ్ళలో మూడింట రెండు వంతులు ఆ గడ్డ మీద పుట్టిన పౌరులే. శాన్‌ఫ్రాన్సిస్కో కుటుంబాలను ముందు టాన్‌ఫొరాన్ గుర్రప్పందేల మైదానంలో, గుర్రాల కొట్టాల్లో పెట్టారు. ఆ తర్వాత యూటా ఎడారిలోని టోపాజ్‌కు పంపారు. హగివారా వాళ్ళనూ వెళ్ళగొట్టారు. వాళ్ళ ఇల్లు కూల్చేశారు. తోట పేరు ‘ఓరియంటల్ టీ గార్డెన్’ అయింది. యుద్ధం ముగిశాక కూడా ఆ కుటుంబాన్ని మళ్ళీ తోటలోకి రానివ్వలేదు. 1952లో పాత పేరు మాత్రం తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆ తోట పక్క రోడ్డుకు హగివారా పేరే పెట్టారు. గేటు దగ్గర 1974లో పెట్టిన కంచు ఫలకం ఉంది, చేసింది శిల్పి రూత్ అసావా. ఆమె కూడా పదహారేళ్ళ వయసులో శిబిరానికి పోయిన మనిషే. టికెట్ తీసుకునే హడావిడిలో ఆ ఫలకం దగ్గర ఆగేవాళ్ళు ఎందరు?

జపాన్‌టౌన్ కథ ఇంకా ఘోరం. 1906 భూకంపం తర్వాత అక్కడ చేరిన జపాన్ వాళ్ళను యుద్ధం ఒకసారి ఖాళీ చేయించింది. తిరిగొచ్చి మళ్ళీ కొట్లు తెరుచుకునేసరికి ‘పట్టణ పునరాభివృద్ధి’ వచ్చి పడింది. గేరీ వీధిని వెడల్పు చేశారు, ఇళ్ళ వరసలకు వరసలే నేలమట్టం చేశారు. పక్కనే ఫిల్‌మోర్‌లో ఉన్న నల్లజాతి కుటుంబాలకూ అదే గతి పట్టింది. ఆ ఖాళీ అయిన స్థలంలోనే 1968లో జపాన్ సెంటర్ మాల్ తెరిచారు, అయిదంతస్తుల కాంక్రీటు శాంతి పగోడా నిలబెట్టారు. చెర్రీ పూల పండగ మొదలైందీ ఆ ఏడాదే. మనుషుల్ని ఖాళీ చేయించి వాళ్ళ సంస్కృతికి మండపం కట్టడమంటే ఇదే!

ఆ మాల్ లేకపోతే ఈపాటికి ఆ పేటే ఉండేది కాదని వాదించేవాళ్ళు ఉన్నారు. పర్యాటకుల డబ్బే దాన్ని బతికిస్తోందన్న మాటలో కొంత నిజముంది. అమెరికాలో ఒకప్పుడు డజన్లకొద్దీ ఉన్న జపాన్ పేటల్లో మిగిలినవి మూడంటే మూడు, మూడూ కాలిఫోర్నియాలోనే. కాదనను. కానీ పర్యాటకుడు బతికించేది వ్యాపారాన్ని. పేట బతకాలంటే జనం ఉండాలి, వాళ్ళ కాళ్ళ కింద నేల వాళ్ళదై ఉండాలి.

బెన్‌క్యోడో అని అక్కడో మిఠాయి కొట్టుండేది, 1906 నాటిది. మన పూర్ణం ఉండ్రాళ్ళలాంటి మోచీ, మంజూ చేసి అమ్మేవారు. టీ గార్డెన్లో హగివారా అతిథులకిచ్చిన ఫార్చ్యూన్ కుకీలు, అంటే లోపల జోస్యం చీటీ ఉండే బిస్కెట్లు, ఇక్కడ తయారైనవే. యుద్ధం తర్వాత ఆ కుకీ చైనా హోటళ్ళదై కూర్చుంది. కొట్టు మాత్రం నిర్బంధాన్నీ, బుల్డోజర్లనూ తట్టుకుని 2022 దాకా నడిచింది. నన్నడిగితే ఆ ఊళ్ళో అసలు జపాన్ సంస్కృతి ఆ కొట్టు. మూతపడ్డాక అలాంటిది ఏ మాలూ కట్టివ్వలేదు.

మనకెందుకీ గొడవ అంటారా? 1922లో టకావో ఒజావా అనే జపాన్ మనిషి తనకు పౌరసత్వం ఇమ్మని కోర్టుకెళ్తే, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది అమెరికా సుప్రీంకోర్టు. మూడు నెలలకు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకీ అదే చెప్పింది. అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలూ లాగేసుకున్నారు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది, అది జపాన్ వాళ్ళతో పాటు మనవాళ్ళ మెడకూ చుట్టుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయాక 1928లో ప్రాణం తీసుకున్నాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే మన వాట్సాప్ గ్రూపులు అల్లకల్లోలమయ్యాయి కదా. ‘మేం చదువుకున్నవాళ్ళం, పన్నులు కడుతున్నాం, మమ్మల్నేం చేస్తారు’ అన్న ధీమా ఒక్క ప్రకటనతో కదిలిపోయింది. హగివారా మనవలకూ ఆ ధీమా ఉండేది, పైగా వాళ్ళు అక్కడే పుట్టారు.

థింద్ తీర్పు వచ్చింది 1923 ఫిబ్రవరి 19న. 9066 ఉత్తర్వు తేదీ కూడా ఫిబ్రవరి 19. జపనీస్ అమెరికన్లు ఏటా ఆ రోజును స్మృతి దినంగా జరుపుతారు. మన సంఘాలు సినిమా తారల్ని రప్పించడానికి పెట్టే ఖర్చులో పిసరంత చాలు, బే ఏరియా తెలుగు కుటుంబాలను ఆ సభకు బస్సుల్లో తీసుకెళ్ళొచ్చు. రామెన్ ఆ తర్వాత తినొచ్చు.