బామ్ పూస్తే కండరం వేడెక్కదు

చలి ముదిరితే చాలు, సైక్లింగ్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. వద్దన్నా పంపుతూనే ఉన్నారు. అందులో ఉన్నదిది: "తెల్లవారుజాము రైడ్‌కి ముందు తొడల నుంచి పాదాల దాకా పెయిన్ బామ్ దట్టంగా పట్టించండి. కండరాలు లోపల్నుంచి వేడెక్కుతాయి. వార్మప్ అక్కర్లేదు, లెగ్ వార్మర్స్ దండగ. ఎంత మండితే అంత పనిచేస్తున్నట్టు. వచ్చాక వేడినీళ్లు పోసుకుంటే పోతుంది. యూరప్ రేసర్లు చేసేది ఇదే."

వార్మప్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. కండరం పనిచేస్తేనే వేడెక్కుతుంది. మొదటి పావుగంట చిన్న గేరులో, నిమిషానికి 85–90 చుట్లు తొక్కండి. చాలు.

లెగ్ వార్మర్స్, అంటే చలికి కాళ్లకి తొడుక్కునే బట్ట తొడుగులు, దండగట! బామ్ చర్మంలోని నరాలకి 'వేడి' అని కబురు పెడుతుంది, అంతే. కాలు ఎర్రబడిందంటే రక్తం చర్మం పైకి వచ్చినట్టు, అంటే ఎదురుగాలికి ఒంటి వేడి ఇంకా తొందరగా పోతుంది. మెంథాల్ ఎక్కువున్న రకమైతే చలిని పసిగట్టే నరాల్నే తట్టి లేపుతుంది. లంబసింగి ఘాట్ దిగేటప్పుడు పెడల్ తిప్పే పని ఉండదు, గాలి నేరుగా మోకాలి చిప్పకి కొడుతుంది. అక్కడ కండా లేదు, కొవ్వూ లేదు. కావలసింది బట్ట.

ఇక మంట. ఈ మెసేజ్‌లో మనుషుల్ని ఆసుపత్రి పాలు చేసేది ఈ మాటే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచీ బామ్ మన ఇళ్లలో ఉన్నదే, అందుకే ఎవరికీ భయం లేదు. కానీ నుదుటికి రాసేది వేలి కొసంత. రెండు కాళ్లకీ దట్టంగా అంటే సీసాలో సగం. బామ్‌లోని నొప్పి మందు మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్ జాతిదే, చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది, ఒళ్లు వేడెక్కి చెమట పడితే ఇంకా ఎక్కువ దిగుతుంది. రక్తం పల్చబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు, ఆస్పిరిన్ పడనివాళ్లూ ముట్టకూడదు. మెంథాల్ 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం దాటిన మందులతో చర్మం కాలి బొబ్బలెక్కిన కేసులున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. అరుదే, కానీ కొందరికి ఒక్కసారి పూస్తేనే అలా అయింది. మంట పుడితే కడిగేయాలి, మురిసిపోవడం కాదు!

వేడినీళ్ల సలహా ఇచ్చిన మహానుభావుడు మిరప ఘాటున్న క్రీమ్ ఒక్కసారైనా పూసుకున్నాడా? ఆ ఘాటు పదార్థం క్యాప్సైసిన్ పట్టిన నరం గోరువెచ్చని నీళ్లనే సలసల కాగే నీళ్లుగా చెబుతుంది. పైగా అది నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్లకి పోదు. ముందు పొడి టిష్యూతో తుడవండి. కొబ్బరినూనె రాసి మళ్లీ తుడవండి. తర్వాత చన్నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడగండి. చేతులు శుభ్రమయ్యేదాకా షార్ట్స్ విప్పొద్దు, కాంటాక్ట్ లెన్స్ తీయొద్దు.

యూరప్ రేసర్ల మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నాను. మార్చి, ఏప్రిల్‌లో బెల్జియం రేసుల్లో సన్నటి వాన పడుతుంటే కాళ్లకి ఇలాంటి వేడి క్రీమ్ పూసుకునే దిగుతారు. తడిసిన వార్మర్ కాలికి చల్లగా అతుక్కుంటుంది, జిడ్డున్న క్రీమ్ మీద నీళ్లు నిలవవు. ఆ పూటకి బట్ట కన్నా అదే నయం. అరకులో ముసురు పట్టిన రోజునా పనికొస్తుంది.

అయితే పద్ధతి ఉంది. ముందు షార్ట్స్ తొడుక్కోవాలి, లేకపోతే ఆ చేతులు షార్ట్స్ లోపలి ప్యాడ్‌కి తగిలి గజ్జలు మండిపోతాయి. పల్చటి గ్లవుజులు వేసుకుని ఒక్కో పిక్కకి బఠాణీ గింజంత తీసుకుని రుద్దాలి, బయల్దేరడానికి పావుగంట ముందు. మోకాలి వెనక గుంటలో వద్దు, షేవింగ్ గాట్ల మీద వద్దు. పైన వార్మర్స్ అసలే వద్దు, గాలాడక కాలుతుంది. వాన లేని రోజున ట్యూబు ఇంట్లో పెట్టి, వార్మర్స్ తొడుక్కుని బయల్దేరండి.