కీబోర్డు డాక్ గారికి ఒక దస్తావేజు లేఖరి రాయు ఉత్తరం

మహారాజశ్రీ, ట్యాబ్లెట్‌కు తగిలించు కీబోర్డు డాక్ గారి సముఖమునకు,

రాజోలులో దస్తావేజులు రాసుకుని బతికే లేఖరి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. తమరు కుశలమే. నా కుశలం సంగతి నిన్న గోదారి లంకలో, దస్తావేజు రాయించుకోబోయిన ఓ మామ్మగారి వసారాలో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. తమరి పుణ్యమా అని నా పరువు గోదాట్లో కలిసింది. ఊరికే మాటవరసకు అనడం లేదండి, గోదారి నిజంగానే ఆవిడ తోట చివర ఉంది.

తమరి పెట్టెలో ఒక మడత కాగితం వచ్చింది. అందులో మూడు బొమ్మలు. మొదటి బొమ్మలో ట్యాబ్లెట్, రెండో బొమ్మలో తమరు, మూడో బొమ్మలో ఇద్దరూ ఒకటైపోయి ఉంటారు. పాత సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరకొచ్చి ఆనుకున్నట్టు, మధ్యలో ఏం జరిగిందన్నది మన ఊహకే వదిలేశారు. తగిలించడమే తరువాయి, పని మొదలుపెట్టుకోవచ్చన్నాడు షాపు కుర్రాడు. తగిలించాను. టక్కుమంది. మొదలవ్వడం అన్నది మాత్రం ఇప్పటికీ బాకీ.

ట్యాబ్లెట్ గారితో నాకు పెద్దగా పేచీ లేదు. ఆన్ చేయగానే ఏ భాష అని అడిగింది, తెలుగన్నాను, గడగడా తెలుగులోనే మాట్లాడింది. వైఫై అడిగింది. అకౌంట్ అడిగింది. ఫోనుకి ఓటీపీ పంపాను చూసుకోమంది. మా ఇంట్లో సిగ్నల్ అందేది పెరట్లో నూతి దగ్గర ఒక్కచోటే. అక్కడికెళ్లి అంకెలు చదువుకుని లోపలికొచ్చేసరికి వాటికి గడువు తీరిపోయింది. తర్వాత అప్‌డేట్ అంది. అది సగం దిగాక కరెంటు పోయింది, కరెంటుతో పాటు వైఫై పోయింది. పోనీలే, కొత్త వస్తువు కదా, ఆ మాత్రం అలక ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తమరి విషయానికొస్తే, బ్లూటూత్ గొడవ లేదు, విడిగా చార్జింగ్ లేదు. అంచున వరసగా ఉన్న బంగారు రంగు చుక్కలు ట్యాబ్లెట్ చుక్కలకు తగిలితే కరెంటూ కబుర్లూ వాటి గుండానే నడుస్తాయట. ఉప్పు గాలికి ఇనప గేట్లే తుప్పు పట్టిపోయే ఊళ్లో ఆ చుక్కలు ఎన్నాళ్లు మెరుస్తాయో చూడాలి, అది తర్వాత సంగతి. 4 అంకె మీద ₹ గుర్తు కూడా అచ్చేశారు. 2010లో వచ్చిన గుర్తు ఇన్నాళ్లకైనా తమరి ఒంటి మీదికి ఎక్కిందని సంతోషించాను. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే $ పడింది. కుడివైపు ఆల్ట్ పట్టుకుని నొక్కితే అసలేమీ పడలేదు. కొబ్బరితోట డాలర్లలో అమ్మితే స్టాంపు డ్యూటీ ఎలా కట్టాలో ఆ కాగితంలోనే నాలుగో బొమ్మగా వేసేస్తే సరిపోయేది.

ఇవన్నీ చిల్లర గొడవలు. అసలు సంగతి చెబుతాను, వినండి.

నేను రాసేది తెలుగు. కవిత్వం కాదు. "ఇందు షెడ్యూలు ఆస్తిని నేటి దినమే నీకు స్వాధీనపరచడమైనది కనుక, నీవు నీ పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వ హక్కులతో సుఖాన అనుభవించుకొనవలసినది." ఇదీ నా వాక్యం. మా నాన్నగారు దీన్నే నల్లసిరాతో రాశారు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి, వాక్యం చెక్కుచెదరలేదు. జిల్లాలు మారాయి, 2022 ఏప్రిల్‌లో మా కోనసీమే ఒక జిల్లా అయింది, అప్పుడూ చెక్కుచెదరలేదు. దాన్ని ఆపగలిగిన మొనగాడు తమరొక్కరే.

ట్యాబ్లెట్ ఒంటరిగా ఉన్నప్పుడు వేలు పెట్టగానే తెర మీద కీబోర్డు లేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో పుత్ర అని కొడితే తెలుగులో పుత్ర అని పడుతుంది. హాయిగా ఉంటుంది. తమరిని తగిలించిన మరుక్షణం ఆ తెర కీబోర్డు, పెద్దవారు వచ్చారు ఇక నాతో పనేముందని, మాయమైపోతుంది. ఇక తమరి మీద ఎంత బాదినా పి, యు, టి, ఆర్, ఎ. అంతే. దాని కింద ఎర్రగీత ఒకటి, ఇలాంటి మాట ఇంగ్లిష్‌లో లేదని. లేదని నాకూ తెలుసండి!

పోనీ తమరిని తీసేద్దామా అంటే, ట్యాబ్లెట్‌ని నిలబెట్టేదీ తమరే. తమరుంటే అది నిలబడుతుంది, తెలుగు రాదు. తమరు లేకపోతే తెలుగు వస్తుంది, అది నిలబడదు. ఒక చేత్తో పట్టుకుని ఒక వేలితో పొడవాలి. ఆ మాత్రానికి నా ఫోను లేదా? అంత డబ్బు పోసి తమరిని ఎందుకు కొన్నట్టు?

ఇప్పుడు నిన్నటి సంగతి. మామ్మగారు మంచం దిగలేరు. అలాంటి వారి ఇంటికి రిజిస్ట్రారు గారే రావడానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో వీలుంది. ఆయన వచ్చేలోగా నేను వెళ్లి, ఆవిడ చెప్పేది రాసి, చదివి వినిపించాలి. బల్ల మీది కంప్యూటర్ని మోసుకెళ్లలేను కదా, ఇలాంటి పనులకనే ట్యాబ్లెట్టూ తమరూ. డొక్కా సీతమ్మ అక్విడెక్టు (నది మీది కాలువ వంతెన) దాటి, పి.గన్నవరం అవతల రేవులో పడవెక్కి, తమరిని గుడ్డసంచిలో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. నా పంచె తడిసింది గాని తమరి మీద చుక్క పడనివ్వలేదు. అది గుర్తుందా తమరికి?

మామ్మగారు మొదలుపెట్టారు. "అయిదు కుంచాలు నాయనా. మా పుట్టింటివాళ్లు పసుపు కుంకాల కింద ఇచ్చింది. మా అమ్మాయికి రాసేయ్." అయిదు కుంచాలంటే అర ఎకరం, కొబ్బరి. తూర్పు హద్దు బోదె కాలువ, దక్షిణం పుంత బాట, పడమర తోడికోడలి తోట, ఉత్తరం గోదావరి. ఆ ఉత్తరం హద్దు వరదొచ్చినప్పుడల్లా కాస్త కాస్త దక్షిణానికి జరుగుతోంది, దానికి ఎవరూ దస్తావేజు రాయలేరు. ఆవిడ పసుపు అన్నారు. తమరు పి, ఎ, ఎస్, యు, పి, యు అన్నారు. కింద ఎర్రగీత.

తమరిని పీకేశాను. తెలుగు పడింది, ట్యాబ్లెట్టూ పడింది. మనవడు పరుగెత్తి మొన్నటి దింపులోంచి ఓ కొబ్బరికాయ తెచ్చి వెనకాల ఆనించాడు. అది దొర్లింది. ఇంకోటి తెచ్చి రెండువైపులా పెట్టాడు. కాయకు ధర లేదని ఊరంతా ఏడుస్తోంది గాని, నిన్న ఆ రెండు కాయలూ తమరి ఉద్యోగం జీతం లేకుండా చేశాయి.

మళ్లీ దొర్లాక వాడు, "బాబాయ్‌గారండీ, ఓసారి ఇలా ఇవ్వండి, నేను చూస్తాను" అన్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, వేళ్లు చురుకు. సెట్టింగుల్లోకి వెళ్లాడు, భాషల్లోకి వెళ్లాడు, ఫిజికల్ కీబోర్డు అన్నచోట లేఅవుట్ల జాబితా తీశాడు. తెరను పైకి తోస్తూ గట్టిగా చదివాడు: ఇంగ్లిష్ అమెరికా, ఇంగ్లిష్ బ్రిటన్, ఎస్టోనియన్, ఐస్లాండిక్, బల్గేరియన్, లాత్వియన్, లిథువేనియన్, స్లొవీనియన్... మామ్మగారు ఇదేదో నామావళి అనుకుని పడుకునే దణ్ణం పెట్టుకున్నారు. జాబితా అడుగుకు వచ్చింది. తెలుగు లేదు. మళ్లీ పైనుంచి చదివాడు. లేదు.

ఐస్లాండ్ వాళ్ల మీద నాకేం కోపం లేదు. దేశం మొత్తం కలిపి 4 లక్షల లోపు జనం, వాళ్ల అక్షరాలు వాళ్లకి ఉండాల్సిందే. మా కోనసీమ జిల్లా ఏర్పడిన నాటి లెక్కల్లోనే 17 లక్షల పైచిలుకు ఉన్నాం. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 లెక్కల ప్రకారం ఈ దేశంలో 8 కోట్ల 11 లక్షలు. ఇంతమందిలో ఒక్కడికైనా నీ మీద తెలుగు కొట్టాలన్న కోరిక పుట్టదని ఎలా అనుకున్నావయ్యా?

అవును, నువ్వే అంటున్నాను. గారూ తమరూ అయిపోయాయి.

నీ మీద తెలుగు అక్షరాలు అచ్చు వేయమని నేను అడగలేదు. నాకు ఇన్‌స్క్రిప్ట్ వచ్చు. 1980ల్లోనే ప్రభుత్వం ఖరారు చేసిన పద్ధతి, ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి వైపు హల్లులు. కె నొక్కితే క, ఐ నొక్కితే గ, హెచ్ నొక్కితే ప, డి నొక్కితే పొల్లు. అమ్మ అని రాయాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, డి, సి. కళ్లు మూసుకుని కొడతాను. క్రావడి, వట్రుసుడి, ఏది కావాలన్నా వేళ్లే వెతుక్కుంటాయి. ఆఫీసు పక్క గదిలో నా ముసలి కంప్యూటర్లో ఆ లేఅవుట్ విండోస్‌తో పాటే వచ్చింది, ఎవరినీ బతిమాలుకోలేదు. పాఠమంతా బట్టీ పట్టి వస్తే నువ్వు హాల్లోకే రానివ్వలేదు.

యాప్ ఏదైనా దించుకుంటే పనవుతుందేమో అన్నాడు మనవడు. కీబోర్డు యాప్ ఒకటి దించాడు. ఆన్ చేయబోతే హెచ్చరిక లేచింది: నువ్వు టైప్ చేసేదంతా, పాస్‌వర్డులు, కార్డు నంబర్లతో సహా, ఈ యాప్ సేకరించే అవకాశం ఉంది, సరేనా? నా దస్తావేజులో ఏముంటుందనుకుంటున్నావు? ఇచ్చేవారి ఆధార్, పుచ్చుకునేవారి ఆధార్, పాన్ నంబర్లు, సర్వే నంబర్లు, తండ్రి పేర్లు, ఇంటి నంబర్లు. సరే అనమంటావా? మామ్మగారి మొహం చూసి తీసేయించాను.

ఆఖరికి వాడే ఒక స్విచ్ కనిపెట్టాడు. బయటి కీబోర్డు తగిలించి ఉన్నా తెర మీద కీబోర్డు చూపించమని చెప్పే స్విచ్. నొక్కాడు. వచ్చింది! అందరూ హమ్మయ్య అన్నారు. ఒళ్లో ఒక కీబోర్డు, తెర మీద ఒక కీబోర్డు. సగం తెర అదే తినేసింది. రెండు కీబోర్డుల పైన ఎక్కడో సన్నగా దస్తావేజు, ముందు రాసింది కనపడదు, తర్వాత రాయాల్సింది గుర్తుండదు. నీ మీదుగా చేతులు చాచి తెరను పొడుస్తుంటే పొడిచినప్పుడల్లా ట్యాబ్లెట్ వెనక్కి ఊగుతోంది. మధ్యలో మణికట్టు నీకు తగిలింది. పుత్రుడికీ పౌత్రుడికీ మధ్య జె జె జె జె జె అని వరసగా పడ్డాయి. వాళ్లెవరు నాయనా, ఆస్తిలో వాటా ఉందా అని మామ్మగారు అడగలేదు గాని, అడిగినా తప్పు లేదు.

అప్పుడు ట్యాబ్లెట్‌ని నీ మీంచి విసురుగా పైకి లాగాను. తెర ఒకసారి ఆరి వెలిగింది. సగంలో ఉన్న వాక్యం లేదు.

భోజనం వేళ దాటిపోయింది. ఆ వంతెనకు పేరైన సీతమ్మగారు వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టిన నేల అది, పని అయిందా కాలేదా అని చూసి విస్తరి వేయరు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గడ్డ పెరుగు. ఎంత బాగున్నాయో అంత సిగ్గేసింది. తిని లేచి, మనవడి నోట్సులోంచి తెల్లకాగితాలు చింపించి, చేత్తో రాసి, చదివి వినిపించాను. "ఇంత శ్రావ్యంగా చదువుతావు, మరి ఆ పలకెందుకు నాయనా ఒళ్లో?" అన్నారావిడ. నీ తరపున ఏం జవాబు చెప్పమంటావు?

రాత్రి రాజోలు వచ్చి పక్క షాపులో డీటీపీ కుర్రాడికి ఇచ్చాను. వాడు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో గబగబా కొట్టి ప్రింటు తీసి ఇచ్చాడు. అదే ఫైలు ట్యాబ్లెట్‌లోకి పంపమన్నాను చూసుకుందామని. తెరిస్తే పిచ్చి గీతలు. ఆ ఫాంట్లకూ, ట్యాబ్లెట్ చదివే యూనికోడ్ పద్ధతికీ పడదులే, అది పాత తగాదా, నీ మీద వేయను.

నువ్వు ఒంటబట్టించుకోవాల్సిన మాట ఇంకొకటుంది. నీ మీటలు బాగుంటాయి. అదే నా కడుపుమంట. లోతు సరిగ్గా ఉంటుంది, చప్పుడు ఉండదు, వేలికి నొప్పి రాదు. సర్వే నంబర్లు, తేదీలు, ఆధార్ అంకెలు నీ మీద కొడుతుంటే ఒక్క తప్పు పడలేదు. అంకెలకు భాష అక్కర్లేదు కదా. ఇంత చక్కటి చేతులున్నవాడివి, మా అక్షరం ఒక్కటి నేర్చుకుంటే నీ సొమ్మేం పోయేది? చేతకాకపోతే కొబ్బరికాయను చూసి ఊరుకున్నట్టే ఊరుకునేవాణ్ణి. చేతనయ్యి చేయనివాడితోనే తగువు.

కావున ఇందుమూలముగా నీకు తెలియజేయునదేమనగా: నా బల్ల మీద గల స్థలంలో నీకు ఇదివరకు దఖలుపరచిన సమస్త హక్కులు నేటితో రద్దు. ట్యాబ్లెట్‌ను వెనకనుండి నిలబెట్టు నిమిత్తం, అంకెలు కొట్టు నిమిత్తం, జీవితకాల అనుభవ హక్కు మాత్రమే నీకు మిగులును. తెలుగు నేర్చిన నాడు దస్తావేజు తిరగరాయబడును, అప్పటి ఖర్చులు నువ్వే పెట్టుకోవలెను. ఈలోగా ఐస్లాండ్ నుంచి ఎవరైనా రాజోలు వచ్చి కొబ్బరితోట రాయించుకుంటామంటే కబురు చేస్తాను, సిద్ధంగా ఉండు.

ఇట్లు,
దస్తావేజు లేఖరి, రాజోలు
(ఇది చేత్తో రాసి, ఫోనులో కొట్టినది)