కాగితం పోగొట్టింది సర్కారు, సాక్ష్యం తేవాల్సింది సిపాయా?

డెబ్బై దాటిన మాజీ సైనికుడు 1971 యుద్ధంలో తానున్నానని ఇప్పుడు రుజువు చేసుకోవాలట. కడప, కర్నూలు, అనంతపురం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా, సైన్యం వదిలేనాడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు దిద్దమని, రావాల్సిన పతకాలు ఇప్పించమని అర్జీ పెట్టుకునే ముసలి జవాన్లకు పైనుంచి తిరిగొచ్చే మాట దాదాపు ఒకటే: మీ దగ్గరున్న ఆధారాలు జతపరచండి. రికార్డు రాసింది సైన్యం, దాచింది సైన్యం, గడువు తీరిందని తగలబెట్టిందీ సైన్యమే. ఆ రికార్డులో ఖాళీ కనబడితే మాత్రం నింపాల్సింది బద్వేలులో పింఛను డబ్బులతో బతుకుతున్న, నాయక్ అనే చిన్న హోదాలో పనిచేసిన మాజీ జవాను. ఈ లెక్క తిరగబడాలి. సర్కారు కాగితం మూగబోయిన చోట సిపాయి మాటే చెల్లాలి.

పతకాలన్నీ ఒక గాటన కట్టేవాళ్లు చాలామంది. వీర చక్ర, మహావీర చక్ర సాహసానికి ఇచ్చేవి, పైఅధికారి సిఫారసు మీద నడిచేవి. 1971 వాళ్లకిచ్చే పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1965 వాళ్లకైతే సమర సేవా స్టార్, రక్షా మెడల్ అలాంటివి కావు. ఫలానా కాలంలో ఫలానా చోట డ్యూటీలో ఉంటే వచ్చి తీరాలి. శత్రువు చేతిలో గాయపడినవాళ్ల కోసం 1973లో పెట్టిన ఊండ్ మెడల్ కూడా అంతే. ఇందులో ఎవరి దయాదాక్షిణ్యం లేదు. జీతం ఎలాగో ఇదీ అలాగే.

మరి రావాల్సినవి ఎందుకు రాలేదు? మిలిటరీలో పనిచేసిన ఎవరినడిగినా పార్ట్ టూ ఆర్డర్ అంటారు. జవాను పెళ్లి, బిడ్డ పుట్టడం, సెలవు, బదిలీ, గాయం, పతకం, ఏదైనా సరే యూనిట్ అచ్చేసే ఆ ఆర్డర్లోకి ఎక్కాలి. అక్కడి నుంచి ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకు చేరాలి. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్, ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ శాపర్లకు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్. అందులో ఎక్కని సంగతి సైన్యం దృష్టిలో జరగనట్టే. యుద్ధం వచ్చిందంటే డ్రైవర్లను, వంటవాళ్లను, సిగ్నల్ వాళ్లను రాత్రికి రాత్రి వేరే యూనిట్లకు అటాచ్ చేసి పంపుతారు. పతకాల జాబితా రాసే రోజున సొంత యూనిట్‌లో మనిషి ఉండడు. వెళ్లిన యూనిట్ గుమస్తాకేమో అతను తమ లెక్కలోవాడు కాదు. ఇద్దరి మధ్యా పేరు జారిపోయింది. పైగా మన పేర్లొకటి. అన్నదమ్ములకు పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అని పెట్టుకునే నేల ఇది. ఉత్తరాది గుమస్తా చేతిలో చిన్న ఓబులేసు ఒకచోట సీ. ఓబులేశ్, ఇంకోచోట ఓబుల్ సింగ్ అయిపోయినా అడిగే దిక్కులేదు.

ఇక గడువు సంగతి. పింఛను రాని జవాను సర్వీసు పత్రాలను పాతికేళ్లు ఉంచి ఆ తర్వాత ధ్వంసం చేయొచ్చని సైన్యం నిబంధనలే చెబుతున్నాయి. పింఛనుకు పదిహేనేళ్ల సర్వీసు కావాలి. అంటే యుద్ధం చేసి, ఇంటి ఇబ్బందులతోనో అనారోగ్యంతోనో ఏడెనిమిదేళ్లకే తిరిగొచ్చినవాడి చరిత్ర 2000 సంవత్సరం నాటికే బూడిద. వ్యక్తి పత్రాల సంగతే కాదు, తూర్పు కమాండ్‌లో బంగ్లాదేశ్ యుద్ధం ఫైళ్లే కనబడటం లేదని 2010లో జాతీయ పత్రికలు రాశాయి. దాదాపు 93,000 మంది శత్రుపక్షం వాళ్లు లొంగిపోయిన యుద్ధం కాగితాలకే అంత భద్రత ఉంటే, మన ఓబులేసు కాగితాన్ని ఎవరు దాచిపెడతారు?

అలాంటి మాజీ జవాను ఒకాయన్ని ఊళ్లో మిలిటరీ తాత అంటారు. డిశ్చార్జి బుక్కు చీరల అంగడి ప్లాస్టిక్ కవర్లో రెండు మడతలు చుట్టి పెట్టుకున్నాడు. అంచులు చెదలు కొట్టాయి. పతకాల గడిలో సైన్య సేవ అని ఒక్కటే టైపు కొట్టి ఉంది. దాని కింద ఇక ఏమీ లేదన్నట్టు అడ్డంగా సిరా గీత. పంచె పైకి లాగి మోకాలి కింద గట్టిపడిన మచ్చ చూపించాడు, లోపల ఇనుప ముక్క ఇంకా ఉందట, చలికాలం లాగుతుందట. ఆసుపత్రి కేసు షీటు లేదు కాబట్టి ఆ గాయం యుద్ధంలో తగిలిందని ఎలా చెప్పగలమని జవాబొచ్చింది. ఆ జవాబును కూడా భద్రంగా అదే కవర్లో పెట్టుకున్నాడు. "నాకు లెక్కేం వద్దు నాయనా. నేను పోయినాక మనవడు ఈ బుక్కు తెరిచి చూస్తే, నేను ఆడ ఉన్నట్టు ఉండాల" అన్నాడు.

ఈయనకు న్యాయం చేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2013లోనే ధరమ్‌వీర్ సింగ్ కేసులో దారి వేసింది. అది వైకల్య పింఛను వివాదం. సైన్యంలో చేరేనాడు జవానుకు ఫలానా జబ్బు ఉందని రికార్డులో రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్కగట్టాలని, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలని, కాదనాలనుకుంటే కారణం చూపాల్సింది సైన్యమేనని తేల్చింది. రుజువు భారం జవానుది కాదంది, సందేహం ఉంటే లాభం జవానుకే ఇమ్మంది. ఆ తీర్పులో ఉన్న తిరుగుబాటును మనవాళ్లు ఇంకా సరిగా పట్టించుకోలేదు. రికార్డులో ఖాళీ ఉంటే ఇన్నాళ్లూ దాన్ని సర్కారు తన ఆస్తిలా వాడుకుంది. కోర్టు దాన్ని జవానుకు రాసిచ్చింది. వైకల్య పింఛనుకు చెల్లిన సూత్రం పూర్వీ స్టార్‌కు ఎందుకు చెల్లదు? పింఛనంటే ఖజానాకు బతికున్నంత కాలం ఖర్చు. పతకమంటే కొంచెం లోహం, జానెడు రిబ్బను. డబ్బు భారమున్న చోట మెత్తబడి, పైసా భారం లేనిచోట బిగుసుకుపోవడం ఏం న్యాయం?

కాలాతీతం సంగతీ ఇలాగే తిరగబడి ఉంది. వైకల్య పింఛను కోసం పదహారేళ్లు ఆలస్యంగా కోర్టుకొచ్చిన తర్సేమ్ సింగ్‌ను 2008లో సుప్రీంకోర్టు వెనక్కి పంపలేదు. నెలనెలా జరుగుతున్న అన్యాయం కాబట్టి ఆలస్యం అడ్డు కాదంది, బకాయిలు మాత్రం మూడేళ్లకు కుదించింది. పతకం నెలనెలా వచ్చేది కాదు గనుక ఆ వెసులుబాటు దానికి సులువుగా అందదు. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టమైతే ఆర్నెల్ల గడువు పెట్టింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, నిజమే. కానీ మన్నించమని అడగాలన్నా సీమ జవాను చెన్నై బెంచికి పోవాలి, వకీలును పెట్టుకోవాలి. కార్గిల్‌లో బటాలిక్ సెక్టార్ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ పోగలిగారు. యుద్ధంలో ఆయన పాత్రను తక్కువ చేసి చూపిన నివేదికలు పక్షపాతంతో రాసినవని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది, రికార్డు సరిచేయమంది. బ్రిగేడియర్ విషయంలోనే యుద్ధ నివేదిక వంకరగా రాయగలిగినప్పుడు, నాయక్ విషయంలో రాతంతా సవ్యంగానే ఉందని నమ్మమంటారా?

అమెరికాను చూసి అన్నీ నేర్చుకోనక్కర్లేదు గానీ ఇందులో నేర్చుకోవచ్చు. 1946లో చేసిన చట్టంతో అక్కడ సైనిక రికార్డులు దిద్దే బోర్డులు వచ్చాయి. ఒక ఫారం నింపి పంపితే చాలు, వకీలు అక్కర్లేదు. మూడేళ్ల గడువున్నా న్యాయం కోసం దాన్ని పక్కనపెట్టే అధికారం బోర్డుకుంది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో మంటలు చెలరేగి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. కాలిపోయాయి గనుక పొండి అనలేదు. జీతం వోచర్లు, రోజువారీ యూనిట్ నివేదికలు వెతికి కూర్చుకున్నారు. వియత్నాంలో 1965లో పోరాడిన నల్లజాతి అధికారి పారిస్ డేవిస్ సిఫారసు కాగితాలు ఒకసారి కాదు, రెండుసార్లు గల్లంతయ్యాయి. 2023 మార్చిలో, 57 ఏళ్ల తర్వాత, ఆయనకు అక్కడి అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అక్కడ పార్లమెంటు సభ్యుడొకరు పంపితే, గడువు దాటిన సిఫారసునైనా పరిశీలించాల్సిందేనని చట్టముంది.

ఇలా తలుపులు తెరిస్తే ప్రతివాడూ యుద్ధవీరుడినంటూ వస్తాడని, దొంగ పతకాలు పెరుగుతాయని సైనిక వర్గాల్లో ఒక భయం ఉంది. బతికున్న సాక్షులు లేనప్పుడు అధికారి ఎవరిని నమ్మాలన్నదీ తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. అయితే పతకాల సరఫరా చాలక సర్వీసులో ఉన్న జవాన్లే బజార్లో నకళ్లు కొని తగిలించుకున్న రోజులున్నాయి కదా, అప్పుడీ పవిత్రత ఎక్కడికి పోయింది? అబద్ధం చెప్పినవాడిని పట్టుకోవడానికి, యుద్ధంలో యూనిట్లు రోజువారీ రాసిన వార్ డైరీలున్నాయి. వాటిని సాధారణంగా పాతికేళ్లకు బయటపెట్టాలని 2021లో రక్షణశాఖే విధానం తెచ్చింది. 1971 డైరీలకు ఆ పాతికేళ్లు రెండుసార్లు తీరాయి. ఫలానా తేదీన ఫలానా దళం వచ్చి కలిసిందని డైరీలో ఉంటే, దానికి తోటి జవాన్లు ఇద్దరి అఫిడవిట్లు తోడైతే చాలదా?

నిజానికి సైన్యం ఇక్కడ ఒక ఉదాహరణ మాత్రమే. ఈ రోగం సర్కారు రిజిస్టరుది. సీమ రైతుకు చుక్కల భూముల కథ చెప్పనక్కర్లేదు. బ్రిటిష్ కాలం రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా, చుక్కలున్నాయి గనుక సర్కారు భూమేనని 22ఏ నిషేధిత జాబితాలో పడేశారు. రిజిస్ట్రేషన్ లేదు, కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకుందామన్నా వీల్లేదు. చుక్క పెట్టిన గుమస్తా ఎప్పుడో పోయాడు, శిక్ష మాత్రం రైతు మునిమనవడికి. 2017లో దానికొక చట్టం చేయాల్సి వచ్చింది, 2023లో గానీ రెండు లక్షల ఎకరాలకు పైగా విముక్తి కాలేదు. మాజీ సైనికులకు సర్కారే ఇచ్చిన డీకేటీ భూములదీ అదే తంతు. పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చని నిబంధన ఉన్నా, జాబితాలోంచి సర్వే నంబరు తీయించుకోవడానికి చెప్పులరగాలి. మిలిటరీ తాత సోమవారం కలెక్టరేట్లో భూమి అర్జీతో నిలబడతాడు, మంగళవారం సైనిక సంక్షేమ కార్యాలయంలో పతకం అర్జీతో. రెండుచోట్లా అడిగేది ఒకటే, సర్కారు గడిలో తన పేరు. రెండుచోట్లా ఒకటే మొండిపట్టు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని.

చుక్కల భూములకు దారి దొరికిందంటే చట్టం చేశారు కాబట్టే దొరికింది. సైనిక రికార్డులకూ అదే కావాలి. రికార్డ్స్ ఆఫీసుకు సంబంధం లేని దిద్దుబాటు బోర్డు ఉండాలి, అది ఏడాదికొకసారైనా కడపకో కర్నూలుకో వచ్చి కూర్చోవాలి. పత్రాలు సైన్యమే ధ్వంసం చేసిన కేసుల్లో సందేహ లాభం జవానుదేనని చట్టంలోనే రాయాలి. ఇందుకు ఏళ్లు పడతాయంటారా, ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. కడప, రాజంపేట, కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం ఎంపీలు ఆరుగురు. సరిహద్దు అంటే సభల్లో గొంతు చించుకునేవాళ్లే అందరూ. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో రక్షణ మంత్రిని ఒకే ప్రశ్న అడగండి: 1965, 1971 యుద్ధాల పతకాల కోసం వచ్చిన అర్జీల్లో, పత్రాలు ధ్వంసమయ్యాయన్న కారణంతో తిప్పి పంపినవెన్ని?