కుక్కపిల్ల ఖర్చు తగ్గించే ‘ఏడు చిట్కాలు’: దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి

“ఖర్చు లేకుండా కుక్కపిల్లను పెంచే ఏడు చిట్కాలు” అనే మెసేజ్ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు. మంచి మనసుతోనే పంపుతున్నారని తెలుసు. అయినా అందులో కొన్ని చిట్కాలు పిల్ల ప్రాణం మీదికి తెచ్చేవి కాబట్టి చెప్పక తప్పట్లేదు.

“పాలూ అన్నం చాలు.” చాలవు. తల్లికుక్క పాలలో మాంసకృత్తులూ కొవ్వూ ఆవుపాల కంటే దాదాపు రెట్టింపు, లాక్టోజ్ తక్కువ. ఆవుపాలు పోస్తే లాక్టోజ్ అరగక విరేచనాలు పట్టుకుంటాయి, తిన్నదీ ఒంటికి పట్టదు. తల్లిపాలు మానిన పిల్లకు తాగడానికి నీళ్లు చాలు. ఇక అన్నంతో కడుపు నిండుతుంది గానీ ఒళ్లు ఎదగదు. పెరిగే పిల్ల తిండిలో, తేమ తీసేసి లెక్కిస్తే, మాంసకృత్తులు కనీసం 22.5 శాతం ఉండాలి. బియ్యంలో ఉండేది ఏడెనిమిది శాతం.

“ఉడికించిన ఎముకలు వేస్తే కాల్షియం.” ఉడికిన ఎముక పెళుసెక్కి సూదుల్లా చీలుతుంది, పేగులో గుచ్చుకుంటుంది. పెట్టకండి.

“రోజుకు ఒక్కపూటే పెట్టండి.” రెండు నెలల పిల్లకు నాలుగు పూటలు, మూడు నుంచి ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. రోజు మొత్తం కొలత ఒకటే, పూటలుగా పంచుతాం, అంతే. చిన్న జాతి పిల్లలైతే ఎక్కువసేపు పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోయి తూలి పడిపోతాయి.

నాలుగోది చూస్తేనే ఒళ్లు మండుతుంది. “ఇంట్లోనే ఉండే పిల్లకు టీకాలు దండగ.” ఆ టీకాలు అడ్డుకునే పార్వో అనే ప్రాణాంతక వైరస్ ఇంట్లోకి రావడానికి ఇంకో కుక్క అక్కర్లేదు, మన చెప్పుల అడుగు చాలు. నీడపట్టు మట్టిలో అది నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోకూడదు. మలం, మట్టి శుభ్రంగా కడిగేశాక ఒక వంతు ద్రవ బ్లీచ్‌లో (పొడి కాదు) 30 వంతుల నీళ్లు కలిపి, నేల 10 నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. వైరస్ పేగు లోపలి పొరను చంపేస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి, రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలి, అయినా బతుకుతుందన్న హామీ లేదు. ఆ వైద్యానికయ్యే ఖర్చుతో టీకాలన్నీ ఎన్నోసార్లు వేయించవచ్చు.

“ఒక డోసు వేయించాం కదా” అనేవాళ్లూ ఇది వినాలి. ముర్రుపాలతో వచ్చిన తల్లి రక్షణ టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి కనిపించదు. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, 16 వారాలు నిండేదాకా వేస్తారు. చేతిలో డబ్బు తక్కువుంటే 8, 12, 16 వారాలకు మూడే డోసులు కుదురుతాయేమో వెటర్నరీ డాక్టర్‌ను అడగండి. చివరిది మాత్రం మానొద్దు. రేబిస్ టీకా వేరు, అది మన ప్రాణానికీ సంబంధించినది.

“వెల్లుల్లితో నులిపురుగులు పోతాయి.” పోవు. వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, అసలే పురుగులతో రక్తం తగ్గిన పిల్లకు అదే పెడతామా? ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు సోకుతాయి. రెండో వారం నుంచి 8 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలల దాకా నెలకోసారి మందు వేయాలి. మోతాదు బరువును బట్టి, కాబట్టి ముందు తూచండి.

“జ్వరమొస్తే మన నొప్పి మాత్రలో పావు వంతు.” వద్దు, వద్దు, వద్దు. ఐబూప్రోఫెన్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది, పారాసిటమాల్ కాలేయాన్ని. పిల్ల చిన్నది, పావు ముక్క కూడా ఎక్కువే కావచ్చు.

ఏడోదాన్ని కొట్టిపారేద్దామనే చదివాను గానీ ఒప్పుకోవాలి: “ఖరీదైన తిండి, పరుపులు అక్కర్లేదు” అన్నది నిజమే. పాత నూలు బట్ట పరుపు కంటే నయం, ఉతికితే సరిపోతుంది. ప్యాకెట్ తిండిలోనూ ధర కాదు చూడాల్సింది. ‘ఎదిగే పిల్లలకు సంపూర్ణ ఆహారం’ అనో ‘అన్ని వయసులకూ’ అనో దాని మీద ఉందా లేదా చూడండి. పెద్ద జాతి పిల్లకైతే ఆ జాతులకూ పనికొస్తుందని రాసి ఉండాలి. అది పెడుతూ మళ్లీ కాల్షియం మాత్రలు వేయకండి, ఎక్కువైన కాల్షియాన్ని చిన్నపిల్ల ఒళ్లు ఆపుకోలేదు, ఎముకలు వంకర పోతాయి. చవక అని మరీ పెద్ద సంచీ కొనకండి, విప్పాక నెలా నెలన్నరలో అయిపోయేంతే తీసుకోండి, లేకపోతే కొవ్వు కంపు కొట్టి పారేయాల్సి వస్తుంది. తిండి మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ వారం తీసుకోండి.