మెట్రో చుట్టూ కొరత అంతస్తులకు కాదు, అడ్డదారులకు

మెట్రో స్టేషన్ చుట్టూ ఎత్తుగా కట్టుకోనిస్తే ప్రయాణికులు వాళ్లే వస్తారన్న వాదన హైదరాబాద్‌కు సరిపడదు. ఢిల్లీ, ముంబైలలో ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చనే లెక్కకు, పరిమితి ఉంది. స్టేషన్ల దగ్గర దాన్ని పెంచి, ఆ పెంపును అమ్మి రైలుకు డబ్బు తేవచ్చు. ఇక్కడ 2006లో జీవో 86తోనే ఆ పరిమితి పోయింది. 2012 నాటి జీవో 168 కూడా ఎత్తును రోడ్డు వెడల్పుకు, సెట్‌బ్యాక్‌లకే (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీకి) ముడిపెట్టింది. ఊరంతా ఉచితంగా దొరికేదాన్ని స్టేషన్ దగ్గర ఎవరూ కొనరు.

మన చేతిలో మిగిలింది నేల మీది దారి. స్టేషన్ల చుట్టూ అభివృద్ధిపై 2017 జాతీయ విధానం చెప్పిన 500–800 మీటర్ల ప్రభావ ప్రాంతంలో పెద్దదైన 800 మీటర్ల వృత్తం గీస్తే సుమారు 500 ఎకరాలు వస్తాయి. కానీ గోడలు చుట్టి రావడంతో 500 మీటర్ల దూరంలోని ఇల్లు నడకలో 800 అయితే, పది నిమిషాల్లో, అంటే 800 మీటర్ల నడకలో, అందేది 200 ఎకరాల లోపే. అయిదింట మూడొంతుల నేల మెట్రో పక్కనే ఉండి మెట్రోకు దూరమైపోతుంది.

ఒక్క ప్లాటు చూడండి. చదరంగా ఉన్న తొమ్మిది ఎకరాల స్థలానికి ఒక్కో వైపు 190 మీటర్లు. వెనక గోడ మధ్య నుంచి ముందు గోడ మధ్యకు లోపలి నుంచి దారి ఉంటే 190, లేకపోతే 380. ఇలాంటివి రెండు దాటాలంటే ఎండలో ఎవరైనా బండే తీస్తారు.

మెట్రో రెండో దశ ‘ఎ’ భాగంలో ప్రతిపాదించిన 76.4 కిలోమీటర్లలో రాయదుర్గం–కోకాపేట నియోపొలిస్ మార్గం 11.6. అక్కడ 2023 వేలంలోనే ఎకరం ₹100 కోట్లు దాటింది. ఇకపై అమ్మే ప్రతి ప్లాటు వేలం షరతుల్లోనే ఆరు మీటర్ల నడకదారి రాయాలి. దాన్ని అక్కడి నివాసుల అసోసియేషన్ చేతిలో పెడితే భద్రత పేరుతో గేటు పడుతుంది. అందుకే రోడ్డు విస్తరణకు తీసుకున్నట్టే గిఫ్ట్ డీడ్‌తో (ఉచితంగా రాసిచ్చే దస్తావేజుతో) కార్పొరేషన్ పేర రాయించుకోవాలి. అనుమతి సమయంలో తనఖా పెట్టించుకునే పది శాతం బిల్టప్ ఏరియాను ఆ దారి తెరిచాకే విడుదల చేయాలి. కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

పార్కింగ్‌ను మొత్తం బిల్టప్ ఏరియాలో శాతంగా లెక్కించే పద్ధతీ మారాలి. స్టేషన్ పక్కన కనీసం ఇంత అనడం మాని, ఇంతకు మించొద్దు అనాలి.

ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)–చాంద్రాయణగుట్ట మార్గం 7.5 కిలోమీటర్లది వేరే లెక్క. పాతబస్తీలో గల్లీలు ముందే ఉన్నాయి. అక్కడ టవర్ల ఆలోచన వద్దు. స్టేషన్ మెట్లు ఆ గల్లీల మొగదలలోకే దిగేలా స్థలం ఇప్పుడే గుర్తించాలి.