పిన్ను తల ఒక్కటే చూసి కాలం చెప్పలేం

ఇంగ్లండ్ పొలంలో దొరికిన వెండి దుస్తుల పిన్ను ఏ కాలందో తలమీది అలంకరణే చెబుతుందని ఒక వ్యాసంలో రాశారు. అది సగం సాక్ష్యమే, కాడ కూడా చూడాలి. కాడ కింది సగంలో కాస్త ఉబ్బు, తల కింద చిన్న పట్టీ ఉంటే అది 7-9 శతాబ్దాల ఆంగ్లో-సాక్సన్ పని కావచ్చు. పిన్ను బట్టలోంచి జారకుండా ఆ ఉబ్బు పట్టి ఉంచేది. తల అంచున రంధ్రం ఉంటే, గొలుసుతో మరో పిన్నుకు కలిపేవారేమో చూడాలి. ఇంగ్లండ్‌లోని విథమ్ నదిలో దొరికిన, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 8వ శతాబ్దపు 3 పిన్నుల వరస అలాంటిదే. అలా కాక బోలు గుండు తల, రెండు అర్ధగోళాలు అతికిన గీత, పైన సన్నతీగ చుట్లు, బంగారు పూత కనిపిస్తే ట్యూడర్ రాజుల కాలం (1485-1603) వైపు మొగ్గాలి.

దయచేసి తోమకండి! టూత్‌పేస్టు, బేకింగ్ సోడా పెట్టి రుద్దితే మిగిలిన పూత, పనిముట్ల గీతలు పోతాయి. కాలాన్ని పట్టిచ్చేవి అవే. వంగిన కాడను సరిచేయబోవద్దు. మట్టిలో శతాబ్దాలున్న వెండి పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది. కార్బన్ డేటింగ్ వెండికి పనికిరాదు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ (లోహంలో ఏవి ఎంత ఉన్నాయో చెప్పే) పరీక్ష పైపొరనే చదువుతుంది, అక్కడి రాగి మట్టిలో కలిసిపోవడంతో వెండి శాతం ఎక్కువగా చూపిస్తుంది.

300 ఏళ్లు దాటి, బరువులో కనీసం 10 శాతం వెండి ఉంటే దొరికిన పాత నిధులకు సంబంధించిన 1996 ట్రెజర్ చట్టం వర్తిస్తుంది. 14 రోజుల్లో, ఇలాంటి నిధులపై విచారణ జరిపే అధికారి అయిన కరోనర్‌కు తెలపాలి, ప్రజలకు దొరికిన పాత వస్తువులను నమోదు చేసే స్థానిక ఫైండ్స్ లైజన్ ఆఫీసర్ ఇందుకు సాయం చేస్తారు. దొరికిన చోటు, లోతు, బరువు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటోలు వెంట ఉంచుకోండి.