సవరణ: పాత మారుతి 800 వైపర్ ఆర్మ్ ఊడదీయడం గురించి

నట్ విప్పి పైకి లాగితే ఆర్మ్ వచ్చేస్తుందని మొన్నటి పోస్టులో ఉంది కదా, అది ఈమధ్య ఎప్పుడైనా ఓసారి తీసి బిగించిన వాటికే వర్తిస్తుంది. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ అలాగే ఉన్నదైతే వైపర్‌ను తిప్పే షాఫ్టు (కడ్డీ) మీది సన్నటి పళ్లకీ ఆర్మ్‌కీ మధ్య తుప్పు పట్టి రెండూ ఒకటైపోతాయి, పైగా షాఫ్టు పైకి పోయేకొద్దీ సన్నబడే రకం కాబట్టి నట్ గట్టిగా బిగించిన ప్రతిసారీ ఆర్మ్ ఇంకాస్త కిందికి దిగి కూర్చుంటుంది.

ఇలాంటప్పుడు నట్ పూర్తిగా తీసేయకండి. రెండు చుట్లు ఉంచితే ఆర్మ్ ఒక్కసారిగా ఊడినా ఎగిరిపోదు, షాఫ్టు మరలూ చెడవు. డబ్ల్యూడీ-40 (తుప్పు పట్టు వదిలించే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే ఆర్మ్‌ను అద్దం మీంచి లేపి, మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. కిర్రుమంటే పట్టు వదిలినట్టే. అప్పటికీ మొండికేస్తే బ్యాటరీ టెర్మినల్ పుల్లర్ (బిగుసుకున్న బ్యాటరీ క్లాంపును పైకి లాగే చిన్న పనిముట్టు) వాడండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే మాత్రం బానెట్ దగ్గర రేకు సొట్ట పడుతుంది, లేదా అద్దం అంచు పగులుతుంది.

వేడినీళ్లు పొయ్యమని కొందరంటారు, చల్లటి అద్దానికి అదో గండం (అద్దం ఖర్చు తెలుసుగా). అద్దం మీద మందపాటి తువ్వాలు పరచడం, తిరిగి అదే చోట బిగించడానికి గుర్తుగా బ్లేడు ఆగే చోట టేపు అంటించుకోవడం ముందే చేసేయండి.